పరమాణువుకు గుర్తు పెట్టిన శాస్త్రజ్ఞుడు: జార్జి హెవెసీ

మనం తిన్న అన్నం శరీరంలో ఏమవుతుంది? ఈ ప్రశ్న మానవజాతి అంత ప్రాచీనమైనది. తోటకూరలోని ఇనుము రక్తంలోకి ఎంత చేరుతుంది, ఎంత వృథాగా పోతుంది? ఎముకలోని భాస్వరం పుట్టినప్పటి నుండి గిట్టేవరకు అదేనా, లేక దినదినమూ మారుతున్నదా? వేల సంవత్సరాలు వైద్యులు, తత్త్వవేత్తలు ఈ విషయమై ఊహలు చేశారే గాని ఎవ్వరూ నిశ్చయంగా సమాధానం చెప్పలేకపోయారు. కారణం సులభగ్రాహ్యమే. నేడు తిన్న ఇనుముకూ, నిన్నటి నుండి రక్తంలో ఉన్న ఇనుముకూ భేదం ఏమీ లేదు. ఏటిలో కలిసిన చెంబెడు నీటిని తిరిగి ఆ చెంబులోకే ఏరి తేవడం ఎట్లు సాధ్యం కాదో, శరీరంలో కలిసిన ధాతువును ఏరి గుర్తించడం కూడా అట్లే అసాధ్యమని అందరూ భావించారు.

ఆ అసాధ్యాన్ని సాధ్యం చేసినవారు హంగరీ దేశీయుడైన జార్జి హెవెసీ. వైజ్ఞానిక లోకం ఆయనను 1943వ సంవత్సరపు నోబెల్ బహుమతి గ్రహీతగా ఎరుగును. అయినా ఐన్‌స్టీన్, బోర్, రూథర్‌ఫర్డ్ వంటి వారి పేర్లు మన విద్యార్థుల నోళ్ళలో నానినంతగా హెవెసీ పేరు నానలేదు. ఈ కొరతను కొంతైనా తీర్చాలన్న తలంపుతో ఆ మహనీయుని జీవితాన్ని, ఆయన చూపిన మార్గం నేడు ఎచ్చటికి చేరినదన్న సంగతిని మా శక్తికొలది ఇక్కడ వివరింప పూనుకున్నాము.

బాల్యము - విద్యాభ్యాసము

హెవెసీ 1885 ఆగస్టు 1వ తేదీన బుడాపెస్ట్ నగరంలో ఒక సంపన్న కుటుంబంలో జన్మించారు. తల్లిదండ్రుల ఎనిమిదిమంది సంతానంలో ఆయన ఐదవవారు. వంశమూలం యూదులదే అయినా కుటుంబం కాథలిక్ మతాన్ని స్వీకరించింది. బాలుడు కూడా కాథలిక్ గురువులు నడిపే పాఠశాలలోనే చదివి 1903లో విద్య ముగించాడు. చక్రవర్తి నుండి ప్రభువంశపు హోదా పొందిన ఇల్లు గనుక ఐశ్వర్యానికి గాని, గౌరవానికి గాని లోటు లేదు. వంశమూలం తన జీవితాన్ని ముందు ముందు ఎన్ని మలుపులు తిప్పనున్నదో ఆ బాలుడు ఎరుగడు.

బుడాపెస్ట్‌లోను, బెర్లిన్‌లోను కొంతకాలం చదివిన పిమ్మట ఆయన జర్మనీలోని ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయంలో చేరి 1908లో డాక్టరేటు పట్టం పొందారు. తరువాత స్విట్జర్లాండులోని జ్యూరిక్ సాంకేతిక విద్యాసంస్థలో సహాయకుడుగా కుదిరారు. 1909లో జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో యువకుడైన ఐన్‌స్టీన్ ఇచ్చిన ప్రారంభోపన్యాసాన్ని విన్న కొద్దిమందిలో హెవెసీ ఒకరు. అటుపిమ్మట కార్ల్స్‌రూహెలో హేబర్ వద్ద కొద్దికాలం పనిచేసి, 1911లో ఇంగ్లాండులోని మాంచెస్టరు నగరానికి, రూథర్‌ఫర్డ్ ప్రయోగశాలకు చేరుకున్నారు. ఆయన జీవితానికి దారి చూపినది ఈ మాంచెస్టరు నివాసమే.

వైఫల్యమే విజయమైన వైనము

ఆ రోజులలో రేడియం అత్యంత దుర్లభమైన వస్తువు. ఆస్ట్రియా ప్రభుత్వం తన యోఆఖిమ్‌స్టాల్ గనుల ఖనిజం నుండి రేడియం తీయగా మిగిలిన సీసాన్ని పెద్ద మొత్తంలో రూథర్‌ఫర్డ్‌కు పంపింది. ఆ సీసంలో రేడియం-డి అనే రేడియోధార్మిక పదార్థం కలిసి ఉన్నది. దానిని సీసం నుండి వేరు చేయగలిగితే పరిశోధనకు ఎంతో ఉపకరించును. రూథర్‌ఫర్డ్ ఈ పనిని హెవెసీకి అప్పగించారు.

యువకుడు ఉత్సాహంతో పనిలో దిగాడు. కరగించాడు, స్ఫటికాలు కట్టించాడు, ఆవిరి చేశాడు, విద్యుత్తును ప్రవహింపజేశాడు. రసాయన శాస్త్రంలో ఎన్ని ఉపాయాలు ఉన్నవో అన్నిటినీ ప్రయోగించాడు. దాదాపు రెండేండ్లు గడిచినా ఫలితం శూన్యం. రేడియం-డి సీసాన్ని వదలలేదు. అదే కాలంలో వియన్నా నగరంలో పానెత్ అనే మరొక యువ శాస్త్రజ్ఞుడు ఇదే ప్రయత్నం చేసి ఇట్లే ఓడిపోయాడు. అసలు కారణం ఏమనగా, రేడియం-డి అన్నది సీసానికి భిన్నమైన ధాతువు కాదు, అది కూడా సీసమే. రసాయన గుణాలలో ఒక్కటిగా ఉండి, పరమాణువు బరువులో మాత్రమే తేడా గల ఇట్టి రూపాలకు 1913లో సాడీ అనే శాస్త్రజ్ఞుడు ఐసోటోపులని నామకరణం చేశారు.

సామాన్యుడైతే ఇక్కడ నిరుత్సాహపడి మరొక పని వెదకుకొనేవాడే. హెవెసీ ప్రశ్ననే తలక్రిందులు చేశారు. ఈ రెండింటినీ ఎవ్వరూ వేరు చేయలేరన్నది నిజమైతే, సీసం ఎక్కడికి పోయినా రేడియం-డి కూడా వెంట పోక తప్పదు గదా! సీసం కంటికి కనబడకపోయినా దాని వెంట ఉన్న రేడియం-డి తన కిరణాల ద్వారా జాడ చెప్పును గదా! మన ఊళ్ళలో చాకలి నూరు ఇండ్ల బట్టలు ఒక్క మూటలో కట్టుకొని రేవుకు పోతాడు. జీడిగింజ రసంతో మూలన పెట్టిన చిన్న గుర్తు చూసి ఎవరి బట్ట వారికి తప్పకుండా ఇస్తాడు. ఆ గుర్తు వలన బట్ట నేతగాని, రంగుగాని, మన్నికగాని మారదు. అది ఎవరిదో మాత్రం తెలుస్తుంది. హెవెసీ పరమాణువుకు పెట్టినది ఇట్టి జీడిగుర్తే.

1913లో ఆయన వియన్నాకు వెళ్ళి పానెత్‌తో చేతులు కలిపారు. నీటిలో దాదాపు కరగని సీసపు లవణాలు ఎంత అత్యల్పంగా కరుగుతున్నవో ఈ గుర్తు సహాయంతో ఇద్దరూ కొలిచి చూపారు. ఓడిన ఇద్దరు కలిసి గెలిచిన ఉదాహరణలు విజ్ఞాన చరిత్రలో అరుదు.

మాంచెస్టరు దినాలను గూర్చిన ఒక వినోద వృత్తాంతాన్ని హెవెసీ తరువాతి కాలంలో మిత్రులకు చెబుతుండేవారు. ఆయన బస చేసిన ఇంటి యజమానురాలు ఆదివారం మిగిలిన మాంసాన్నే వారమంతా రూపాలు మార్చి వడ్డిస్తున్నదని ఆయనకు అనుమానం. ఆమె ఎంతమాత్రమూ ఒప్పుకొనదు. ఒకనాడు ఆయన తన పళ్ళెంలో మిగిల్చిన ముక్కలపై రేడియోధార్మిక పదార్థాన్ని రవ్వంత చల్లారు. కొద్ది దినాలకు వచ్చిన వంటకం వద్ద విద్యుద్దర్శినిని ఉంచగా గుట్టు బయటపడింది. వినడానికి హాస్యంగా ఉన్నా ఇందులో ఒక మహాశాస్త్రపు బీజం ఉన్నది. తినేవస్తువు ఎచ్చటి నుండి ఎచ్చటికి పోయినదో గుర్తు ద్వారా కనిపెట్టుటయే గదా ఆ శాస్త్రం!

దేశాంతర వాసము

మొదటి ప్రపంచ యుద్ధం ఈ యువకుల మైత్రిని చిందరవందర చేసింది. మాంచెస్టరులో హెవెసీకి ప్రియమిత్రుడైన మోస్లీ 1915లో గలిపోలీ రణరంగంలో ప్రాణాలు కోల్పోయాడు. యుద్ధం ముగిసినాక 1919లో హంగరీలో కొద్ది నెలలు కమ్యూనిస్టు ప్రభుత్వం నడిచింది. ఆ కాలంలో హెవెసీ బుడాపెస్ట్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి నిర్వహించారు. ఆ ప్రభుత్వం కూలిన వెంటనే ఆ పదవి స్వీకరించుటయే దోషమైంది. పుట్టిన ఊరిలో ఉద్యోగం పోయింది. 1920లో ఆయన డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌కు, మిత్రుడు నీల్స్ బోర్ చెంతకు తరలిపోయారు.

బోర్ సిద్ధాంతం ప్రకారం 72వ సంఖ్య గల మూలకం విరళ మృత్తికల జాతికి కాక జిర్కోనియం జాతికి చెంది ఉండాలి. హెవెసీ, డచ్చి యువకుడైన కాస్టర్ కలిసి జిర్కోనియం ఖనిజాలను ఎక్స్ కిరణాలతో పరీక్షించి 1922-23లో ఆ మూలకాన్ని కనుగొన్నారు. ఆశ్రయమిచ్చిన నగరపు లాటిన్ నామం హాఫ్నియా అగుటచేత దానికి హాఫ్నియమని పేరు పెట్టారు. ఒక కొత్త మూలకాన్ని కనుగొనడమే ఏ శాస్త్రజ్ఞునికైనా జన్మ సార్థక్యం. హెవెసీ జీవితంలో మాత్రం అది ఒక ఘట్టమే.

1923లోనే ఆయన తన గుర్తు పద్ధతిని తొలిసారి జీవలోకంలో ప్రవేశపెట్టారు. చిక్కుడు జాతి మొక్కల వేళ్ళను గుర్తు గల సీసపు ద్రావణంలో ఉంచి, వేరులో ఎంత, కాండంలో ఎంత, ఆకులో ఎంత చేరినదో లెక్కగట్టారు. అత్యధిక భాగం వేరులోనే నిలిచిందని తేలింది. తరువాత అదే మొక్కను గుర్తులేని సీసపు ద్రావణంలోకి మార్చగా, లోపలి గుర్తుగల సీసం బయటికి వచ్చి, కొత్త సీసం దాని స్థానాన్ని ఆక్రమించింది. జీవి శరీరంలో చేరిన ధాతువు రాతి గోడలో ఇటుకవలె కదలక ఉండదనీ, సత్రంలో బాటసారివలె వస్తూ పోతూ ఉంటుందనీ ఈ చిన్న ప్రయోగం సూచించింది. ఖనిజాలను గూర్చిన నేటి జీవశాస్త్ర పరిశోధనకు ఇదే ఆదిపర్వం.

1924లో ఆయన పియా రీస్ అనే డేనిష్ యువతిని వివాహమాడారు. వారికి నలుగురు సంతానం. 1926లో తాను చదివిన ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయమే ఆయనను ఆచార్యునిగా ఆహ్వానించింది. కాని 1933లో హిట్లరు అధికారానికి రావడంతో యూదు వంశజులైన ఉపాధ్యాయులను పదవుల నుండి తొలగింపసాగారు. హెవెసీ 1934లో ఫ్రైబుర్గ్ విడిచి తిరిగి కోపెన్‌హాగెన్ చేరారు. అదే ఫ్రైబుర్గ్‌లో పనిచేసిన షోయెన్‌హైమర్ 1933లోనే అమెరికా వెళ్ళి, కొలంబియా విశ్వవిద్యాలయంలో స్థిర ఐసోటోపులతో కొవ్వులు, మాంసకృత్తుల గమనాన్ని పరిశోధించి చరిత్ర సృష్టించారు. ఒక దేశం తన పండితులను తరిమివేయగా ఆ విద్య ఇతర దేశాలలో వేరూని ఫలించింది.

భారజలము - భాస్వరము

సీసం శరీరానికి విషం. జీవులలో సహజంగా ఉండే ధాతువులకు గుర్తు పెట్టాలంటే ఆయా ధాతువుల ఐసోటోపులే కావాలి. 1931 చివర అమెరికా శాస్త్రజ్ఞుడు యూరే భార హైడ్రోజనును కనుగొనడంతో తొలి ద్వారం తెరచుకొన్నది. ఇది రేడియోధార్మికం కాదు. కిరణాలు వెలువరించదు, కాలక్రమాన క్షీణించదు. సాధారణ హైడ్రోజను కంటె బరువు మాత్రమే ఎక్కువ. ఇట్టి వానినే స్థిర ఐసోటోపులు అంటారు.

యూరే పంపిన భారజల మిశ్రమంతో హెవెసీ, హోఫర్ 1934లో ఒక ప్రయోగం గావించారు. భారజలం స్వల్పంగా కలిసిన నీటిని మనిషి చేత త్రాగించి, తరువాతి దినాలలో మూత్రం నుండి శుద్ధిచేసిన నీటి సాంద్రతను కొలుస్తూ వచ్చారు. మన దేహంలో ప్రవేశించిన నీటి అణువు సగటున సుమారు 13 దినాలు లోపల నివసించి వెలుపలికి పోతుందని వారు తేల్చారు. త్రాగిన నీరు ఎంతకాలం మనలో ఉంటుందన్న ప్రశ్నకు మానవుడు కొలిచి చెప్పిన తొలి సమాధానాలలో ఇది ఒకటి. స్థిర ఐసోటోపు మనిషి దేహంలో గుర్తుగా పనిచేయగలదని కూడా దీనితోనే ఋజువయింది.

1935లో బోర్ 50వ జన్మదినం సందర్భంగా మిత్రులు చందాలు పోగుచేసి ఆయనకు 600 మిల్లీగ్రాముల రేడియంను కానుకగా ఇచ్చారు. దాని సాయంతో హెవెసీ గంధకం నుండి రేడియోధార్మిక భాస్వరాన్ని తయారు చేసుకొని, కీవిట్జ్ అనే సహచరునితో కలిసి ఎలుకలకు తినిపించారు. ఎముక కదలిక లేని కట్టడమని అంతవరకు అందరి నమ్మకం. కాని పెరుగుదల ఆగిపోయిన ఎలుకల ఎముకలలో కూడా కొత్త భాస్వరం చేరుతున్నది, పాతది వెడలిపోతున్నది. మన అస్థిపంజరం సైతం నిరంతరం పునర్నిర్మాణం పొందుతున్నదన్న మాట! మరుసటి ఏడాది ఆయన హిల్డె లెవీ అనే శాస్త్రజ్ఞురాలితో కలిసి, న్యూట్రానులతో కొట్టి ఒక పదార్థంలోని లేశమాత్ర మూలకాలను గుర్తించే విధానాన్ని కూడా కనుగొన్నారు. ఈ రెండవ ఆవిష్కరణ మొదటిదానికి ఎట్లు తోడ్పడినదో ముందు చెప్పగలము.

బంగారమును దాచిన విధము

1940 ఏప్రిల్ 9న జర్మను సేనలు డెన్మార్క్‌ను ఆక్రమించాయి. నోబెల్ బహుమతి గ్రహీతలైన లావే, ఫ్రాంక్ అనే జర్మను శాస్త్రజ్ఞుల బంగారు పతకాలు బోర్ సంస్థలో భద్రంగా ఉన్నవి. జర్మనీ నుండి బంగారం వెలుపలికి పంపడం ఆనాడు ఘోరమైన నేరం. పతకాలపై పేర్లు చెక్కి ఉన్నందున దొరికితే యజమానుల ప్రాణాలకే ముప్పు. భూమిలో పాతిపెడితే త్రవ్వి తీయవచ్చును. హెవెసీ వానిని ద్రవరాజం అనే తీవ్రమైన ఆమ్ల మిశ్రమంలో కరగించి ఆ ద్రావణపు సీసాను ప్రయోగశాల అరలో మిగిలిన సీసాల సరసన నిలిపారు. సైనికులు సంస్థనంతా గాలించినా ఆ సీసాను తాకలేదు. యుద్ధానంతరం ద్రావణం చెక్కుచెదరక దొరికింది. అందులోని బంగారాన్ని తిరిగి వెలికితీసి స్వీడనుకు పంపగా నోబెల్ సంస్థవారు పతకాలను మరల పోతపోయించి వారికి అందజేశారు.

1943లో డెన్మార్క్‌లోని యూదులను నిర్బంధించే ప్రయత్నం మొదలైనప్పుడు హెవెసీ స్వీడనుకు తప్పించుకొని పోయారు. బుడాపెస్ట్, ఫ్రైబుర్గ్, కోపెన్‌హాగెన్ - ఇట్లు మూడుసార్లు నివాసం చెదిరింది. ఆయన చదువును మాత్రం ఎవ్వరూ అపహరింపలేకపోయారు. ఐసోటోపులను గుర్తులుగా వాడి రసాయన ప్రక్రియలను పరిశోధించినందుకు 1943వ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని 1944లో ఆయనకు ప్రకటించారు. శేషజీవితం స్టాక్‌హోంలో గడిపి, రక్తంలో ఇనుము సంచారాన్ని గూర్చి వృద్ధాప్యంలోను పరిశోధనలు సాగించారు. 1949లో కోప్లీ పతకం, 1959లో శాంతికొరకు పరమాణువు అను పురస్కారం ఆయనను వరించాయి. 1966 జూలై 5న ఫ్రైబుర్గ్‌లో పరమపదించారు. 2001లో ఆయన అవశేషాలను బుడాపెస్ట్‌కు తెచ్చి సగౌరవంగా ఖననం చేశారు. జీవించి ఉండగా ఉద్యోగం ఇవ్వజాలని నగరం మరణానంతరం చోటు ఇచ్చింది.

హెవెసీ చూపిన బాట

కత్తి వైద్యుని చేతిలో ఒక విధం, హంతకుని చేతిలో ఒక విధం అన్నట్లు, ఏ విద్యకైనా వివేకం తోడుండాలి. యుద్ధానంతరం రేడియోధార్మిక ఐసోటోపులు విరివిగా దొరకసాగిన తరుణంలో, 1945-49 మధ్య అమెరికాలోని నాష్‌విల్ నగరంలో 800 మందికి పైగా గర్భిణీ స్త్రీలకు రేడియోధార్మిక ఇనుమును త్రాగించారు. తాము త్రాగుతున్నది ఏమిటో ఆ తల్లులకు చెప్పలేదు. ఇనుము గర్భిణులకు అత్యవసరమే, దాని గమనాన్ని తెలుసుకోవడమూ అవసరమే. అయినా గర్భస్థ శిశువును కిరణాలకు గురిచేసి, అదియు తల్లి ఎరుకలేక సంపాదించిన జ్ఞానం ధర్మసమ్మతం కాజాలదు.

ఈ చిక్కును విడదీసినవి స్థిర ఐసోటోపులే. ప్రకృతిలోని ఇనుము నాలుగు స్థిర రూపాల మిశ్రమం. నూటికి సుమారు 92 పాళ్ళు ఇనుము-56. ఇనుము-54 సుమారు 6 పాళ్ళు, ఇనుము-57 రెండు పాళ్ళు, ఇనుము-58 అయితే మూడోవంతు పాలైనా లేదు. మనం రోజూ తినే ఆకుకూరలలోనూ ఈ నాలుగూ ఉన్నవి. కనుక అరుదైన 57ను గాని, 58ని గాని వేరుచేసి ఆహారంలో కలిపి ఇస్తే శరీరానికి హాని లేదు, కిరణాల భయం అసలే లేదు. పసిబిడ్డకైనా, గర్భిణికైనా నిర్భయంగా, వారి సమ్మతితో ఇవ్వవచ్చును.

కిరణాలు లేని గుర్తును కనుగొనుట ఎట్లు? 1960ల నాటి పరిశోధకులు రక్తపు నమూనాను బయట, గాజు నాళికలోనే, న్యూట్రానులతో కొట్టి ఇనుము-58ని గుర్తించారు. హెవెసీ 1936 నాటి విధానమే ఆయన 1913 నాటి పద్ధతికి ఇట్లు అండగా నిలిచింది. మనిషి దేహానికి తగలవలసిన కిరణాలు గాజు నాళికకు తగిలాయి. తరువాత పరమాణువులను బరువును బట్టి వేరుచేసి లెక్కించే మాస్ స్పెక్ట్రోమీటరు ఈ పనికి ప్రధాన సాధనమయింది.

ప్రయోగ విధానం మిక్కిలి సరళం. మన శరీరంలో ఇనుము మొత్తం 3-4 గ్రాములు మాత్రమే. రోజుకు సుమారు ఒక మిల్లీగ్రాము నష్టమవుతుంది, అంతే మొత్తం ఆహారం నుండి చేరవలసి ఉన్నది. గుర్తుగల ఇనుమును భోజనంలో ఇచ్చిన తరువాత 14 దినాలు ఆగి కొద్దిగా రక్తం తీస్తారు. గ్రహింపబడిన ఇనుములో అధికభాగం అప్పటికి ఎర్ర రక్తకణాలలో చేరి ఉంటుంది. ఆ కణాలలో 57 పాలు సహజ ప్రమాణాన్ని మించి ఎంత పెరిగిందో చూస్తే తిన్నదానిలో ఎంత ఒంటబట్టిందో తేలుతుంది. ఒకనాటి భోజనానికి 57, మరునాటి భోజనానికి 58 గుర్తుగా పెడితే, ఒకే మనిషిలో రెండు భోజనాలను సరిపోల్చవచ్చును. జింకు విషయంలో ఒక ఐసోటోపును నోటిద్వారా, మరొకదానిని సూదిద్వారా నరంలోకి ఇచ్చి, మూత్రంలో రెండింటి నిష్పత్తిని కొలిచి, పేగులు గ్రహించిన పాలును గణిస్తారు. రాగి, కాల్షియం, సెలీనియంలకు కూడా ఇట్టి పద్ధతులు ఉన్నవి.

ఇట్టి గుర్తుల వలన తెలిసిన విషయాలు మన వంటింటికి సంబంధించినవే. ధాన్యపు తవుడులోను, పప్పుధాన్యాలలోను ఉండే ఫైటేటు అనే పదార్థం ఇనుమును, జింకును పట్టి ఉంచి పేగులకు అందనీయదు. భోజనంతో పాటు త్రాగిన తేనీరు ఇనుము గ్రహణాన్ని తగ్గిస్తుంది. నిమ్మ, ఉసిరి, జామ వంటి వానిలోని విటమిన్ సి దానిని పెంచుతుంది. పళ్ళెంలో ఎంత ఇనుము ఉన్నదన్నది ఒక లెక్క, ఒంటికి ఎంత పట్టిందన్నది వేరొక లెక్క.

హెవెసీ ఒకప్పుడు సహాయకుడుగా ఉన్న జ్యూరిక్ సాంకేతిక విద్యాసంస్థ నుండి 2017లో వెలువడిన ఒక పరిశోధనను ఇక్కడ పేర్కొనక తప్పదు. ఇనుము నిల్వలు తగ్గిన యువతులను రెండు వర్గాలు చేసి, 60 మిల్లీగ్రాముల ఇనుమును ఒక వర్గానికి ప్రతిదినం, మరొక వర్గానికి దినం విడిచి దినం స్థిర ఐసోటోపుల గుర్తుతో ఇచ్చారు. ప్రతిదినం మ్రింగినవారు ఇచ్చినదానిలో సుమారు 16 శాతం గ్రహించగా, దినం విడిచి దినం మ్రింగినవారు సుమారు 22 శాతం గ్రహించారు. ఒక మోతాదు చేరగానే శరీరం హెప్సిడిన్ అనే హార్మోనును పెంచి మరునాటికి ద్వారం కొంత మూసివేయుటయే ఇందుకు కారణం. ఎక్కువ మ్రింగితే ఎక్కువ పడుతుందన్న సామాన్య నమ్మకాన్ని ఒక చిన్న గుర్తు సవరించింది. అయితే ఎవరికి ఎంత ఇవ్వవలెనన్నది వైద్యుడు నిర్ణయించవలసిన విషయమే గాని, ఈ వ్యాసం చదివి ఎవరికి వారు మార్చుకోదగినది కాదు.

మన ప్రాంతమునకు సంబంధించిన ముచ్చట

ఈ విషయం మనకు పరాయిది కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత గలవారు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. అనగా కళాశాలకు వెళ్ళే వయస్సు మొదలుకొని పిల్లల తల్లుల వరకు సగానికి మించినవారు. తరగతిలో తల తిరుగుతున్నదని కూలబడే విద్యార్థినికి ఉపదేశం కంటె ముందు కావలసినది రక్తంలో ఇనుము.

1918లో కూనూరులో మెక్కారిసన్ ప్రారంభించిన పరిశోధనాలయం 1958లో హైదరాబాదు తార్నాకకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకొన్నది. రక్తహీనతను అరికట్టుటకై ఉప్పులో ఇనుమును కలిపే విధానాన్ని 1970లలో అక్కడి శాస్త్రజ్ఞులు రూపొందించారు. బీదవాని ఇంట కూర లేకపోవచ్చు గాని ఉప్పు లేకుండదన్న ఎరుక ఆ యోచనకు మూలం.

ఈ పద్ధతికి హద్దులు కూడా ఉన్నవి. వేరుచేసిన అరుదైన ఐసోటోపులు ఖరీదైనవి, కొలిచే యంత్రాలు అంతకన్నా ఖరీదైనవి. అన్ని ధాతువులకు ఈ భాగ్యం లేదు. ఫ్లోరిను, అయోడిను, మాంగనీసు, కోబాల్టులకు ప్రకృతిలో ఒక్కొక్క స్థిర రూపమే ఉన్నది. రెండవ రూపం లేనిచోట గుర్తు పెట్టుటకు వీలులేదు. నల్లగొండ పల్లెలలో త్రాగునీటిలోని ఫ్లోరైడు తరతరాల ఎముకలను వంచివేసింది. పాపం, ఆ ఫ్లోరిను గమనాన్ని కనిపెట్టుటకు స్థిర ఐసోటోపుల బాట మూసుకొనియే ఉన్నది. ప్రతి తాళానికి వేరే చెవి వెదకవలసినదే.

ముగింపు

హెవెసీ జీవితం నుండి మనం గ్రహింపదగినవి అనేకం. రెండేండ్ల శ్రమ వ్యర్థమైనప్పుడు ఆయన ఫలితాన్ని దాచిపెట్టలేదు, కల్పించి వ్రాయలేదు. తన ఓటమిని ఉన్నది ఉన్నట్లు ఒప్పుకొని, ఆ సత్యం ఏమి చెబుతున్నదో చెవియొగ్గి విన్నారు. ప్రయోగశాలలో అనుకొన్న ఫలితం రాకపోతే ప్రక్కవాని పుస్తకం చూసి అంకెలు వేసుకొనే అలవాటు మన విద్యార్థులలో లేకపోలేదు. అట్లు వేసుకొన్న అంకె వలన మార్కులు రావచ్చు, కొత్త విషయం మాత్రం ఎన్నటికీ రాదు.

రెండవది, పుట్టుకను బట్టి మనిషిని వెలివేసిన సమాజాలు నష్టపోయాయి, ఆదరించినవి లాభపడ్డాయి. ఆశ్రయమిచ్చిన కోపెన్‌హాగెన్ పేరు మూలకాల పట్టికలో శాశ్వతంగా నిలిచింది. తరిమిన వారి పేర్లను నేడు గౌరవంతో తలచేవారు లేరు.

ఐదుగురు సేదదీరే చెట్టును నాటినవాడు ఆ నీడలో కూర్చొననక్కరలేదు. హెవెసీ సీసానికి పెట్టిన గుర్తు నూరేండ్ల తరువాత ఏ పల్లెలోనో పాలిపోయిన తల్లికి ఎంత ఇనుము ఎప్పుడు ఇవ్వాలో చెప్పుటకు ఉపకరిస్తున్నది. మన కళాశాల రసాయనశాలలో సీసాలు కడుగుతున్న విద్యార్థినీ విద్యార్థులలో ఒక్కరికైనా ఈ చరిత్ర చదివి ఒక కొత్త ప్రశ్న తోచినట్లయితే మా ప్రయత్నం సఫలమైనదని భావిస్తాము.